నీళ్ళు బరువుగా ఉన్న రోజు

మా మావయ్యగారికి మతి పోతోందని మొట్టమొదట అన్నది మావయ్యగారే.

మా అత్తగారు పోయిన నాలుగో నెలలో ఒక ఉదయం ఆయన పెరట్లో సబ్బు పట్టుకుని నిలబడ్డారు. జుట్టు తడిగా ఉంది, భుజం మీద తువ్వాలు పొడిగా ఉంది. నేను గిన్నెలు తోముతూ చూస్తున్నాను. చాలాసేపటికి నా వైపు తిరిగి, "అమ్మా భవానీ, నేను స్నానానికి వెళ్తున్నానా, చేసి వస్తున్నానా?" అని అడిగారు.

"చేసినట్టే ఉన్నారండి," అన్నాను. నాకు నవ్వొచ్చింది.

ఆయన నవ్వలేదు. సబ్బు వైపు చూసుకుని, "నా బుర్ర పాడైపోయిందమ్మా," అన్నారు.

ఆయన పేరు తాతాజీ. కొల్లేట్లో మా చెరువుని ముప్ఫై ఏళ్ళు చూసుకున్న మనిషి. చెరువు మా ఒక్కరిది కాదు, పదకొండు మంది వాటాదార్లున్నారు. కానీ నీళ్ళు చూడడం, చేపకి మేత కట్టించడం, వల వేసి చేప పట్టే పట్టుబడి ఎప్పుడో చెప్పడం అంతా ఆయనే. రోజూ తెల్లవారగానే గట్టు దిగి కుడి చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టి, అరచెయ్యి ఎంత లోతు వరకు కనిపిస్తోందో చూసేవారు. తరవాత ఆ చెయ్యి వాసన చూసుకునేవారు. గాలి తక్కువై చేపకి ఊపిరి ఆడని రోజున, "ఇవాళ నీళ్ళు బరువుగా ఉన్నాయి," అనేవారు. ఆయన ఆ మాటంటే ఇక ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

అత్తగారు పోయాక ఆయన ఏది అడిగినా "నాకు తెలీదు" అనడం మొదలుపెట్టారు. ఆలోచించి తెలీదనడం కాదు. ప్రశ్న పూర్తికాకముందే అనేసేవారు. మా ఊరివాళ్ళకి అదొక కాలక్షేపమైంది. కొండబాబు టీ కొట్టు ముందు నుంచి ఆయన నడిచి వెళ్తుంటే పిలిచి బల్ల మీద కూర్చోబెట్టేవారు.

"తాతాజీగారూ, ఇవాళ ఏ వారమండీ?"

"తెలీదయ్యా."

"పోనీ, మీకెంతమంది పిల్లలండీ?"

"నన్నడక్కయ్యా, తప్పు చెప్తానేమో."

"ఒరే, ఈయన్ని కూర్చోబెట్టి కాగితాలు రాయించుకుంటే ఊరందరం కొడుకులమైపోతాం రోయ్!" అని కొండబాబు అంటే టీ తాగేవాళ్ళందరూ నవ్వేవారు. మావయ్యగారు కూడా వాళ్ళ మొహాలు చూసి కొంచెం నవ్వేవారు. టీ తాగకుండానే లేచి వచ్చేసేవారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో నీళ్ళ మోటారు కాలిపోయింది. పొద్దున మోటారు వేసింది మా ఆయన చిట్టిబాబు. వేసి, ఫోను రాగానే బండెక్కి భీమడోలు వెళ్ళిపోయారు. నేను వంటింట్లో ఉండి చూసుకోలేదు. మధ్యాహ్నం కాలిన వాసన వచ్చింది. మా ఆయన తిరిగొచ్చి, మామూలుగానే అడిగారు, "నాన్నా, మోటారు వేసి ఆపడం మర్చిపోయింది మీరేనా?" అని.

"నేనే అయ్యుంటానురా," అన్నారు మావయ్యగారు. "ఏమీ అనుకోకు."

మా ఆయన నా వైపు చూశారు. మోటారు ఎవరు వేశారో ఆయనకి అప్పుడే గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. ఆ రోజు ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. తరవాత పడలేదు.

గేటు తీసి ఉండి పక్కవాళ్ళ గేదె వచ్చి బెండమొక్కలు తినేస్తే మావయ్యగారే. కరెంటు బిల్లు కట్టకపోతే, కాగితం ఎక్కడో పెట్టేసింది మావయ్యగారే. నేనూ తక్కువదాన్ని కాదు. ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మా ఆయన కంచం తోసేశారు. నేను భయపడి, "మావయ్యగారూ, మీరేమైనా వచ్చి ఉప్పు వేశారా అండీ?" అన్నాను.

"వేసే ఉంటానమ్మా," అన్నారాయన.

అలా మా ఇంట్లో ఆయన తప్ప తప్పు చేసేవాళ్ళు లేకుండా పోయారు. మా ఆయన ఆయన్ని "మీరు" అనడం మానేసి "నువ్వు" అనడం కూడా అప్పుడే మొదలుపెట్టారు. ఎప్పుడు మారిందో రోజు చెప్పలేను. మావయ్యగారు మాత్రం గమనించారు. మొదటిసారి విన్నప్పుడు తల ఎత్తి చూశారు.

చెరువు గట్టు మీద మాత్రం ఆయన "తెలీదు" అనేవారు కాదు. ఇంట్లో ఉంటే మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునే మనిషి, గట్టు మీద గుడిసెలో కూర్చుంటే పనివాళ్ళు అడిగినదానికి సమాధానం చెప్పేవారు. అందుకని పగలు ఆయన్ని అక్కడికి పంపేవాళ్ళం. మా ఆయన ఇంటి నుంచే ఫోన్లో పనులు చెప్పేవారు.

భాద్రపదంలో మూడు రోజులు మబ్బు పట్టింది. ఎండ పొడ లేదు. మబ్బు రోజుల్లో చేపకి మేత కట్టరు. తవుడు నింపిన సంచులకి చిల్లులు పెట్టి, చెరువులో పాతిన కర్రలకి కడతారు, చేప వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటుంది. తిన్న చేపకి గాలి ఎక్కువ కావాలి. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి పుట్టదు. ఇది మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మూడో రోజు పొద్దున మా ఆయన వసారాలో గడ్డం గీసుకుంటున్నారు. అద్దం తగిలించే మేకు ఊడిపోతే నేను అద్దం పట్టుకుని నిలబడ్డాను. ఫోను కిటికీలో పెట్టి స్పీకరు ఆన్ చేశారు. అవతల మావయ్యగారు.

"మేత కట్టించొద్దురా ఇవాళ. నీళ్ళు బరువుగా ఉన్నాయి."

"వారంలో పట్టుబడి నాన్నా. రెండు రోజుల్నుంచీ కట్టలేదు. చేప తూకం పడిపోద్ది."

"చేపే పోద్దిరా."

"నీకేం గుర్తుండదు, నువ్వు నాకు చెప్తావేంటి? కట్టించమంటే కట్టించు."

లోపల కుక్కరు కూత వేసింది. తరవాత, "సరే," అన్నారు మావయ్యగారు. మా ఆయన గడ్డం కింద కత్తి ఆనించి, "అద్దం సరిగ్గా పట్టుకో," అన్నారు నాతో.

మర్నాడు తెల్లవారేసరికి చెరువు తెల్లగా ఉంది. నేను వెళ్ళేసరికి ఎనిమిది. బొచ్చె చేపలూ శీలావతులూ పొట్టలు పైకి పెట్టి గట్టు పొడుగునా తేలి ఉన్నాయి. కొన్ని ఇంకా నోరు తెరిచి మూస్తున్నాయి. వాటాదార్లందరూ వచ్చారు. గుండుగొలను నుంచి వెంకట్రాజుగారు బుల్లెట్టు మీద వచ్చారు. అందరిలోకీ పెద్ద వాటా ఆయనది, పెద్ద మాటా ఆయనదే.

"మబ్బులో మేత కట్టించిందెవర్రా?"

"తాతాజీగారు కట్టమన్నారండి," అన్నాడు మేత కట్టే దేవదానం. అది అబద్ధం కాదు. వాడికి చెప్పింది ఆయనే.

మా ఆయన వెళ్ళి మావయ్యగారి భుజం మీద చెయ్యి వేశారు. గట్టిగా కాదు, ప్రేమగానే వేశారు. "మబ్బుందని మర్చిపోయావా నాన్నా?"

మావయ్యగారు నీళ్ళ వైపు చూశారు. కొడుకు మొహంలోకి చూశారు. నేను గట్టు కింద నిలబడి ఉన్నాను. ఫోన్లో కట్టించమన్నది నువ్వేగా అంటారేమోనని చూస్తున్నాను.

"మర్చిపోయే ఉంటానురా," అన్నారు.

అని, పదకొండు మంది ముందు రెండు చేతులతో లెంపలేసుకున్నారు. ఒకసారి కాదు, ఆపేవరకు వేసుకుంటూనే ఉన్నారు. వెంకట్రాజుగారే చేతులు పట్టుకుని ఆపారు.

"చూడు చిట్టిబాబూ," అన్నారు వెంకట్రాజుగారు. "ఇది నువ్వు చేసుంటే ఈ రోజుతో చెరువు నీ చేతిలోంచి తీసేసేవాళ్ళం. పెద్దాయన జబ్బు మనిషి, ఏమంటాం? ఇక ఆయన్ని గట్టెక్కనివ్వకు."

"అలాగేనండీ రాజుగారూ," అన్నారు మా ఆయన.

ఆ రోజు నుంచి మావయ్యగారు ఇంట్లోనే. తెల్లవారగానే అలవాటుగా లేచి చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళేవారు. నేను "మావయ్యగారూ" అని పిలిస్తే, ఏదో దొంగతనం చేసినట్టు వెనక్కి వచ్చేసేవారు.

సంగతి తెలిసి మా ఆడపడుచు ఉషశ్రీ తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. తండ్రిని చూసి ఏడ్చింది. "డాక్టరుకి చూపించకుండా టీ కొట్టు వాళ్ళ చేత పరీక్షలు పెట్టిస్తున్నారా అన్నయ్యా?" అని మా ఆయన మీద అరిచింది. మర్నాడే నేనూ తనూ కలిసి ఆయన్ని ఏలూరు తీసుకెళ్ళాం.

డాక్టరు ఆడమనిషి. నెమ్మదిగా మాట్లాడింది. "మూడు మాటలు చెప్తానండి, గుర్తుంచుకోండి. బల్ల, మామిడికాయ, గొడుగు."

"నా వల్ల కాదండి," అన్నారు మావయ్యగారు వెంటనే.

"ప్రయత్నించండి."

"మీ టైము పాడవుద్దండి. నా బుర్రలో ఏమీ లేదు."

కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమంటే ఖాళీ కాగితం తిరిగి ఇచ్చేశారు. డాక్టరు ఆ కాగితం పక్కన పెట్టేసి, "ఏం పని చేసేవారు?" అని అడిగింది.

"చెరువండి."

"నాకు చేపలు తినడమే తెలుసు. నీళ్ళు బాగున్నాయో లేదో మీకెలా తెలుస్తుందండి?"

ఆయన తన కుడి చెయ్యి చూసుకున్నారు. కాసేపటికి మొదలుపెట్టారు. మోచెయ్యి దాకా ముంచితే అరచెయ్యి ఎంత లోతులో కనిపించాలో చెప్పారు. పచ్చదనంలో ఎన్ని రకాలో, ఏ పచ్చ మంచిదో, చలికాలంలో ఎలా, ఎండాకాలంలో ఎలా, ఏ వాసన వస్తే మోటారు వేసి కొత్త నీళ్ళు పెట్టాలో, అన్నీ. ఒక్కచోట కూడా తడుముకోలేదు. ఉష నా చెయ్యి పట్టుకుంది.

"ఇందాక నేను చెప్పిన మూడు మాటలేంటండి?" అంది డాక్టరు.

"తెలీదండి."

"తప్పైనా ఫర్వాలేదు. ఏదో ఒకటి అనండి."

"గొడుగు," అన్నారాయన. "మామిడికాయ... బల్ల కాదు కదండీ?"

తరవాత ఆయన్ని బయట కూర్చోబెట్టి మాతో మాట్లాడింది. "మతిమరుపు జబ్బున్నవాళ్ళు చాలామంది నాకేం లేదంటారు, ఇంట్లోవాళ్ళు లాక్కొస్తారు. ఈయన తనంతట తనే పాడైపోయానంటున్నారు. భార్య పోయాక మొదలైందన్నారు కదా. ఇది ఎక్కువగా దిగులు జబ్బులా ఉంది. డిప్రెషన్. గుర్తులన్నీ లోపలే ఉన్నాయమ్మా. పైకి తీసే ఓపిక లేదాయనకి. రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక ఒక మాత్ర. ఒక్కరోజు కూడా మానకూడదు. రెండు నెలల్లో మీకే తేడా తెలుస్తుంది. ఇంకోటి, ఇంట్లో ఎవరూ ఆయన్ని 'మర్చిపోయావు' అనకండి."

తిరిగొచ్చేటప్పుడు ఉష ఆయనకి బత్తాయి రసం తాగించింది. సగం గ్లాసు తాగి, "నిజంగా బాగవుతుందంటనా అమ్మా?" అని నన్నడిగారు. అత్తగారు పోయాక తన బాగు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. "అవుతుందంటండి," అన్నాను. ఆ మాట నేను మనస్ఫూర్తిగానే అన్నాను.

ఉషని గూడెం బస్సెక్కించి ఇంటికొచ్చి మా ఆయనకి అన్నం పెట్టాను. మావయ్యగారు వసారాలో పడుకున్నారు.

"ఏమంది డాక్టరు?"

చెప్పాను. మతిమరుపు కాదట, మాత్రలు వాడితే అన్నీ గుర్తొస్తాయట అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ అంటండి."

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. నాకప్పుడు అర్థం కాలేదు. కంచంలో చెయ్యి అలాగే ఉంచి, గొంతు తగ్గించి, "ఆ మాత్ర ఇవ్వకు," అన్నారు.

"అదేంటండీ?"

"ఆయనకి అబద్ధం రాదు. గుర్తొచ్చిన రోజున తిన్నగా రాజుగారి దగ్గరికి వెళ్ళి చెప్తాడు. చెరువు పోతే నువ్వేం తింటావు, నేనేం తింటాను?"

"ఉష మాత్రలు లెక్క చూస్తుందండి."

"రోజుకొకటి తీసి పారెయ్. వేసుకున్నావని ఆయనకి చెప్పు. ఏం చెప్పినా నమ్ముతున్నాడుగా." ముద్ద మింగి, "పెరుగెయ్," అన్నారు.

వేశాను.

మర్నాడు పొద్దున మావయ్యగారు ఇడ్లీ తిని చెయ్యి చాపారు. "మాత్ర ఇవ్వలేదమ్మా?"

"ఇచ్చానుగదండీ. ఇప్పుడే వేసుకున్నారు."

"వేసుకున్నానా?"

"గ్లాసు అదిగోనండి."

సగం తాగిన నీళ్ళ గ్లాసు ఆయన పక్కన ఉంది. పెట్టింది నేనే. ఆయన గ్లాసు వైపు చూసి, నాలుకతో పళ్ళు తడుముకున్నారు. మాత్ర చేదేమైనా మిగిలిందేమోనని. "సరే అమ్మా," అన్నారు. మాత్ర నా పిడికిట్లో చెమటకి మెత్తబడింది. గిన్నెలు కడిగిన నీళ్ళతో పాటు తూములోకి పోశాను. మొదటి మూడు రోజులు గొంతు తడబడింది. నాలుగో రోజు నుంచి తడబడలేదు.

వారం గడిచాక ఆయనే ఒక ఉపాయం ఆలోచించారు. గోడ మీద క్యాలెండరు పక్కన పెన్నుకి దారం కట్టి వేలాడదీశారు. "మాత్ర వేసుకోగానే నేనే టిక్కు పెట్టుకుంటానమ్మా. కళ్ళతో చూసుకుంటే నిన్ను విసిగించక్కర్లేదు," అన్నారు. ఆ దారం ముడి వెయ్యడానికి ఆయనకి పావుగంట పట్టింది. అయినా వేశారు. మొహంలో కొంచెం కళ కూడా కనిపించింది.

మర్నాడు ఆయన లేవకముందే నేను టిక్కు పెట్టేశాను.

టిఫిన్ తిని గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. పెన్ను చేత్తో పట్టుకున్నారు. "అరే, పెట్టేశానే." వేలితో ఆ టిక్కుని రుద్దారు. "నా రాతలా లేదే అమ్మా."

"చెయ్యి వణుకుతోందిగదండీ మావయ్యగారూ."

ఆయన చెయ్యి పైకెత్తి చూసుకున్నారు. నేను చెప్పాక అది నిజంగానే వణికింది.

రెండు నెలలూ అలాగే జరిగింది. ఉష ఆదివారం ఆదివారం ఫోను చేసి, "వదినా, టిక్కులు పడుతున్నాయా?" అనేది. పడుతున్నాయి ఉషా అనేదాన్ని. ఆయన తిండి తగ్గింది. బనీను భుజాల మీంచి జారిపోతోంది. మాట్లాడడం దాదాపు మానేశారు. పొద్దున పూట మాత్రం క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, తనకి గుర్తులేని టిక్కుని చూసి వచ్చి, మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకునేవారు.

కార్తీకం వెళ్ళాక మళ్ళీ ఏలూరు వెళ్ళాం. డాక్టరు ఆయన్ని తూచింది. ఆవిడ మొహం చిన్నబోయింది. "మాత్ర సరిగ్గా వేస్తున్నారామ్మా?"

"ఒక్కరోజు తప్పలేదండి."

ఉష సంచిలోంచి క్యాలెండరు కాగితాలు తీసి చూపించింది. తనే అడిగి తెప్పించుకుంది. డాక్టరు రెండు నెలల టిక్కులూ వరసగా చూసి, నా వైపు తిరిగి, "ఇంత శ్రద్ధగా ఎవరూ చెయ్యరమ్మా," అంది.

తరవాత ఉషతో అంది, "ఈ మందుకి ఏమాత్రం లొంగలేదంటే నేననుకున్నది పూర్తిగా సరికాదేమో. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. మతిమరుపు జబ్బు కూడా మొదలైందేమో స్కానింగ్ చేయించి చూద్దాం. మందు మారుస్తాను. ఒంటరిగా మాత్రం వదలకండి."

ఈసారి ఆయన్ని బయటికి పంపలేదు. అన్నీ విన్నారు. లేచి నిలబడి, చేతులు జోడించి, "నేను ముందే చెప్పానుగదండీ," అన్నారు డాక్టరుతో. ఆవిడకి శ్రమ ఇచ్చినందుకు క్షమించమన్నట్టు ఉంది ఆ గొంతు.

స్కానింగ్ గది ముందు బెంచీ మీద ఉష చాలాసేపు ఏడ్చింది. "నీ రుణం తీర్చుకోలేను వదినా," అంది.

ఏలూరు నుంచి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం నేను వెనక వసారాలో చిక్కుడుకాయలు తుంచుతున్నాను. మా ఆయన చెరువు దగ్గరున్నారు. మావయ్యగారు వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నారు. ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగడం మొదలుపెట్టారు.

"అమ్మా భవానీ, ఒక మాట చెప్తే చిట్టిబాబుతో అనవు కదా?"

"అననండి."

"నా జబ్బు ముదిరిందమ్మా. మర్చిపోవడం ఒక్కటే కాదు, జరగనివి కూడా జరిగినట్టు గుర్తొస్తున్నాయి."

"ఏం గుర్తొస్తున్నాయండి?"

ఆయన చుట్టూ చూశారు. "చేప పోయిన ముందురోజు. నేను మేత వద్దన్నట్టు, వాడు ఫోన్లో కట్టించమన్నట్టు. నీళ్ళు బరువుగా ఉన్నాయిరా అంటే, నువ్వు నాకు చెప్తావేంటి అన్నట్టు. మాటకి మాట వినపడతోందమ్మా. వెనకాల మనింట్లో కుక్కరు కూత వేసినట్టు కూడా." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కన్నకొడుకు మీద నేరం వెయ్యడానికి నా బుర్ర ఇన్ని అల్లుతోంది. చూడు ఎంత నీచానికి దిగిందో. మీ అత్తయ్య ఉంటే నా మొహాన ఉమ్మేసేది."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మాత్ర ఒక్కటి కూడా ఆయన కడుపులో పడలేదు. అయినా మాటకి మాట ఆయనకి గుర్తుంది. మొదటి నుంచీ ఉంది. గట్టు మీద కొడుకు మొహంలోకి చూసినప్పుడు కూడా ఉంది.

"అమ్మా," అన్నారాయన. "ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా. నేను నన్ను నమ్మను. నువ్వు చెబితే నమ్ముతాను. అలాంటిదేమైనా జరిగిందా?"

అడిగి నా మొహంలోకే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. జరిగిందండి అంటే ఆయన బుర్ర ఆయనకి తిరిగి వచ్చేస్తుంది. ఏ డాక్టరూ అక్కర్లేదు. సాయంత్రానికి రాజుగారికి తెలుస్తుంది. రాత్రికి మా ఆయన నన్ను ఏం చేస్తారో నాకు తెలుసు. రేపు మా ఇంట్లో చెరువు ఉండదు. ఇవన్నీ ఒక్కసారే తోచాయి. తోచలేదని చెప్పను.

"లేదండి మావయ్యగారూ," అన్నాను. "ఆయన ఆ రోజు అసలు ఫోనే చెయ్యలేదండి."

ఆయన గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. "అమ్మయ్య," అన్నారు. మొహం తేటపడింది. రెండు నెలల్లో ఆ మొహంలో అంత నెమ్మది నేను చూడలేదు. "నా కొడుకు అలాంటివాడు కాదని నాకు తెలుసమ్మా. బతికించావు." మిగిలిన చిక్కుడుకాయలన్నీ నాతో కూర్చుని తుంచారు. ఆ పూట అన్నం కూడా కడుపు నిండా తిన్నారు. మా ఆయన చూసి, "ఏంటి, కొత్త మందు పని చేస్తోందా?" అని నన్ను అనుమానంగా అడిగారు. ఇవ్వట్లేదండి అన్నాను.

ఆ నెమ్మది నాలుగు రోజులుంది.

ఐదో రోజు పొద్దున నేను ముందు గది ఊడుస్తుంటే ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నారు. ఆ గదిలో మా అత్తగారి ఫొటో ఉంది. మా అత్తగారు సుబ్బాయమ్మగారు పక్షవాతంతో పది నెలలు మంచంలో ఉన్నారు. ఆ పది నెలలూ ఆవిడకి నీళ్ళు పోసింది, తల దువ్వి జడ వేసింది, మంచం మీద గుడ్డలు మార్చింది మావయ్యగారే. నన్ను ఒక్కరోజు చెయ్యి వెయ్యనివ్వలేదు. తెల్లవారి చెరువు చూసుకుని పరుగున వచ్చేవారు. చివరికి ఆవిడ ఆయన ఒళ్ళోనే పోయారు, బార్లీ నీళ్ళు పట్టిస్తుండగా.

"అమ్మా, ఒకటి అడుగుతాను," అన్నారు. "నేను మీ అత్తయ్యని బాగా చూసుకున్నానా?"

"అదేంటండీ, అలా అడుగుతారు?"

"చూసుకున్నట్టే గుర్తు. జడ వేసినట్టు, నా ఒళ్ళో పోయినట్టు. అచ్చం జరిగినట్టే ఉంటది." చెయ్యి ద్వారబంధం మీద పెట్టుకున్నారు. "చిట్టిబాబు మాటలు కూడా అచ్చం జరిగినట్టే ఉన్నాయి కదమ్మా."

నేను చీపురు కింద పడేశాను. "చూసుకున్నారండి. నేను కళ్ళారా చూశాను. పది నెలలు మీరు చేసింది ఈ ఊళ్ళో ఏ మగాడూ చెయ్యలేదండి. ఆవిడ మీ ఒళ్ళోనే పోయారు. నేను పక్కనే ఉన్నాను."

ఆయన నా వైపు జాలిగా చూశారు.

"నువ్వు మంచిదానివమ్మా. నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నావు."

"ఒట్టు మావయ్యగారూ. నిజమండి. దేవుడి మీద ఒట్టు."

"వద్దమ్మా, నా కోసం ఒట్లు వెయ్యకు." తల అడ్డంగా ఊపారు. "సరిగ్గా చూసుకుని ఉంటే పోయేది కాదు. ఏం చేశానో ఏమో. నా బుర్ర నాకు నచ్చినట్టు మార్చి చూపిస్తోంది."

వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. అత్తగారికి ఆయన ఏ రోజు ఏం చేశారో ఒక్కొక్కటీ చెప్పాను. ఏ చీర కట్టారో, ఏ నూనె రాశారో చెప్పాను. ఆయన ఓపికగా అన్నీ విన్నారు. పిల్లలు చెప్పే కథలు పెద్దవాళ్ళు విన్నట్టు విన్నారు. అంతా అయ్యాక నా చేతిలోంచి చెయ్యి మెల్లగా తీసుకున్నారు.

ఆ రోజు తన మంచాన్ని వెనక వసారాలోకి వేయించుకున్నారు. ముందు గదిలోకి మళ్ళీ రాలేదు. అటు నుంచి వీధిలోకి వెళ్ళాల్సి వస్తే ఇంటి పక్క సందులోంచి చుట్టూ తిరిగి వెళ్తారు. ఎందుకని మా ఆయన అడిగితే, సుబ్బాయమ్మకి మొహం చూపించలేను అన్నారట.

"ఇంకా ముదిరింది," అన్నారు మా ఆయన నాతో.